మేక కడుపులో నట్టలు, అడవికి పడ్డ కంచె

పోస్టు కొంచెం పెద్దది, తీరిగ్గా చదవండి. మన గ్రూపులో పోరాటాల చరిత్ర, చట్టాల చరిత్ర చాలానే రాసుకున్నాం. ఈసారి నేను మేక పేగుల గురించి రాస్తున్నా. నవ్వకండి, చివరికి ఇది గ్రామసభ దాకా వస్తది.

భూమి పండుగకో ముత్యాలమ్మకో మేకను కోసినప్పుడు బోటి కడిగే పని మన ఇళ్ళల్లో ఆడోళ్ళదే. చిన్నప్పుడు నేను మా అవ్వ పక్కన కూర్చుని నీళ్ళు పోసేవాణ్ణి. కొన్ని మేకల పేగుల మీద జొన్న గింజలంత గట్టి బుడిపెలు ఉండేవి. కొన్నింటి పొట్ట తిరగేస్తే సన్నటి ఎర్ర దారాల్లాంటి పురుగులు కదులుతుండేవి. అవ్వ వాటిని చూసి, "ఇది చెరువు గట్టున మేసిన మేక రా, గుట్ట మీద మేసిన దానికి ఇన్ని ఉండవు" అనేది. అప్పట్లో ఆ మాట నేను పట్టించుకోలేదు. డిగ్రీకి వచ్చి పశువుల డాక్టర్లు రాసిన పుస్తకాలు తిరగేసినప్పుడు తెలిసింది, అవ్వ బోటి చూసి చెప్పిన మాటనే వాళ్ళు సూక్ష్మదర్శినితో చూసి చెప్పారని.

ఆ ఎర్ర దారం సంగతి ముందు చెప్తా. దాని శాస్త్రీయ నామం హీమాంకస్ కంటార్టస్. 1803లో రుడాల్ఫీ అనే శాస్త్రవేత్త దాన్ని వర్ణించాడు, ఇప్పుడున్న హీమాంకస్ అనే జాతి పేరు 1898లో కాబ్ పెట్టాడు. మేకకు నాలుగు పొట్టలుంటాయి కదా, ఇది నాలుగో పొట్టలో ఉంటది. అంటే సరిగ్గా చెప్పాలంటే పేగులో కాదు, పేగుకు ముందున్న గదిలో. పేగులో ఉండేవి వేరే: ట్రైకోస్ట్రాంగైలస్ లాంటి వెంట్రుక పురుగులు, తెల్లటి రిబ్బన్ లాంటి బద్దె పురుగులు, అవ్వ చూపించిన బుడిపెలు కట్టే ఈసోఫాగోస్టోమం. మనోళ్ళూ పశువుల దవాఖానా వాళ్ళూ అన్నింటినీ కలిపి "నట్టలు" అంటారు. నేనూ అట్లనే అంటా.

ఈ ఎర్ర నట్ట రక్తం తాగుతది. ఒక్క పురుగు రోజుకు దాదాపు 0.05 మిల్లీలీటర్లు. ఇంతేనా అనిపిస్తది. లెక్క వేయండి: వెయ్యి పురుగులుంటే రోజుకు 50 మిల్లీలీటర్లు. 20 కిలోల మేక ఒంట్లో మొత్తం రక్తమే సుమారు 1,400 మిల్లీలీటర్లు. అంటే నెల తిరగకముందే మేక ఒంట్లో ఉన్నంత రక్తం పురుగుల పాలవుతది. మేక కొత్త రక్తం తయారు చేసుకుంటూనే ఉంటది, కానీ ఎంతకని చేస్తది? కంటి రెప్ప లోపల తెల్లబడతది, దవడ కింద నీటి సంచి దిగుతది, ఒకరోజు పొద్దున దొడ్డిలో పడిపోయి ఉంటది. పారుడు కూడా లేకుండానే చచ్చిపోతది కాబట్టి చాలా ఇళ్ళల్లో దీన్ని గాలి సోకిందనో, ఎవరో చేశారనో అనుకునేవాళ్ళు.

ఆడ పురుగు రోజుకు 5,000 నుంచి 10,000 గుడ్లు పెడతది. అవి పెంటికల్లో బయటికొస్తాయి. వానాకాలం తేమ, వేడి కలిసి ఉంటే వారం లోపే గుడ్డు పగిలి పిల్ల పురుగు మళ్ళీ మేకను పట్టడానికి సిద్ధమవుతది. అదెక్కడ కూర్చుంటదో చూడండి: గడ్డి మీద, నేల నుంచి బెత్తెడు ఎత్తు లోపలే. పొద్దున మంచు తడి ఉన్నప్పుడు గడ్డి పోచ వెంట కొంచెం పైకి పాకుతది, ఎండెక్కితే కిందికి దిగుతది. అందుకే మన ముసలోళ్ళు మంచు ఆరనిదే మేకల్ని వదిలేవాళ్ళు కాదు. కారణం అడిగితే "జబ్బు చేస్తది" అనేవాళ్ళు, అంతే. ఆ ఒక్క ముక్కలో విషయమంతా ఉంది.

ఇప్పుడు అసలు సంగతి. మేక గడ్డి మేసే జంతువు కాదు. గొర్రె తల వంచి మేస్తది, మేక తల ఎత్తి మేస్తది. ముందు కాళ్ళు చెట్టుకు ఆనించి నిలబడి రేగు, తుమ్మ, చండ్ర, జువ్వి, మేడి కొమ్మల చిగుళ్ళు తెంపుతది. వేల ఏళ్ళుగా దాని నోరు నేలకు పైనే ఉంది కాబట్టి గడ్డిలో ఉండే నట్టలతో దానికి పెద్దగా పని పడలేదు. అందుకనే నట్టల్ని తట్టుకునే శక్తి గొర్రెకు వచ్చినంతగా మేకకు రాలేదని శాస్త్రవేత్తలు అంటారు. పైగా అడవి ఆకుల్లో, ముఖ్యంగా తుమ్మ, చండ్ర లాంటి వాటిల్లో వగరు ఎక్కువ. ఆ వగరునే ఇంగ్లీషు చదువులో టానిన్లు అంటారు. కొన్ని రకాల టానిన్లు కడుపులో నట్టల గుడ్లను తగ్గిస్తాయని చాలా దేశాల్లో పరీక్షలు చేసి చూశారు. అంటే అడవి మేకకు మేతా ఇచ్చింది, మందూ ఇచ్చింది.

మరి ఆ మేకను చెట్టు దగ్గర్నుంచి చెరువు గట్టు మీదికి దించింది ఎవరు? చరిత్ర ఇక్కడ మొదలవుతది.

సారపాక ఒడ్డున నిలబడి చూస్తే అవతల భద్రాచలం. ఇప్పుడు వంతెన మీద ఆటోలో అయిదు నిమిషాలు. 1965లో ఆ వంతెన తెరిచేదాకా పడవే గతి. అంతకు ముందు గోదారి రెండు రాజ్యాల మధ్య గీత. అవతలి భద్రాచలం తాలూకా 1860లో నిజాం చేతి నుంచి ఇంగ్లీషోళ్ళకు పోయింది, 1874లో మద్రాసు ప్రెసిడెన్సీలో కలిసింది. ఇవతలి మన పాల్వంచ, బూర్గంపాడు వైపు నిజాం రాజ్యం. అటు 1882 మద్రాసు అటవీ చట్టం. ఇటు నిజాం అటవీ శాఖ నిబంధనలు, చివరికి 1355 ఫసలీ నాటి హైదరాబాద్ అటవీ చట్టం. ఏరు దాటితే చట్టం పేరు మారేది, మేక మీద అటవీ అధికారుల చూపు మాత్రం మారేది కాదు. ఆవుకూ గేదెకూ పుల్లరి కట్టించుకుని మేపుకోనిచ్చిన చోట కూడా మేకను మాత్రం శత్రువులాగే చూశారు. మొక్క తల కొరుకుతది, అడవి తిరిగి మొలవనియ్యదు అనేది అటవీ శాస్త్రం పాఠం.

మేత పన్ను చిన్న విషయం కాదని మనకు తెలుసు. పల్నాడులో కన్నెగంటి హనుమంతు పుల్లరి కట్టబోమని జనాన్ని నిలబెట్టి 1922 ఫిబ్రవరిలో పోలీసు తూటాలకు బలయ్యాడు. అదే ఏడాది అవతలి మన్యంలో అల్లూరి పోరాటం మొదలైంది, దాని వెనకా అటవీ నిబంధనల బాధే ఉంది. 1940లో జోడేఘాట్‌లో కొమురం భీం ప్రాణం ఇచ్చిన పోరాటంలోనూ పశువుల మేత ఒక కారణం. జల్, జంగల్, జమీన్ అని నినాదం ఇస్తాం కదా, ఆ జంగల్లో మేక తెంపుకునే చిగురు కూడా ఉందని మనం మరిచిపోతున్నాం.

1940లలో హైమెన్‌డార్ఫ్ మన గోదారి కనుమల్లో తిరిగి కొండరెడ్ల మీద పుస్తకం రాశాడు, 1945లో అచ్చయింది. పోడు మీద ఆంక్షలు, వెదురు కాంట్రాక్టర్ల కింద కూలి బతుకు, అన్నీ రాశాడు. అధికారుల కళ్ళు తెరిపించాడు కూడా. కానీ జంతువుల జబ్బుల సంగతి అప్పటి చదువులో వేరే లోకం. ఆ లోకంలో కూడా మేకకు చోటు లేదు. 1889లో పూనాలో పెట్టి, 1893లో ముక్తేశ్వర్ కొండల మీదికి మార్చిన ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లాబొరేటరీ చూడండి, దాని ధ్యాసంతా పశువుల్ని ఊళ్ళకు ఊళ్ళు తుడిచేసిన పెద్ద జాడ్యం మీదే. అది న్యాయమే, దుక్కిటెద్దు చస్తే కరువే కదా. మద్రాసు పశువైద్య కళాశాల 1903లో వచ్చింది. అక్కడ ఎం.ఎ.ఎన్. రావు అనే పరాన్నజీవుల శాస్త్రవేత్త పశువుల గురక రోగానికి ముక్కు రక్తనాళాల్లో ఉండే ఒక పురుగు కారణమని 1933లో దానికి పేరు పెట్టి చెప్పాడు. ఆ పురుగు చెరువు నత్త లోపల పెరిగి పశువుకు వస్తది. అదే నత్త పొట్ట జలగలకు కూడా పుట్టిల్లు. మేకల్ని నీటి అంచున మేపితే జలగల బెడద వస్తదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి? గోదారి వరద తీసిన తర్వాత లోతట్టు పచ్చిక చూసి సంబరపడి మేకల్ని తోలుతాం. 1986లో భద్రాచలం దగ్గర 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు వచ్చింది గోదారి. అట్లాంటి ఏడు వరద నీరు పోయినా నత్తలు గుంటల్లో మిగిలే ఉంటాయి.

స్వాతంత్ర్యం వచ్చింది, భాషా రాష్ట్రం వచ్చింది, 1959లో భద్రాచలం ఖమ్మం జిల్లాలో కలిసింది. 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చి రెండు ఒడ్ల పాత చట్టాల్నీ తీసేసి ఒక్కటి చేసింది. 1977లో కిన్నెరసాని అభయారణ్యం ప్రకటించారు. 1979లో సారపాకలో పేపర్ మిల్లు ఉత్పత్తి మొదలైంది. సరిగ్గా అదే ఏడాది ఉత్తరప్రదేశ్‌లో మథుర దగ్గర మఖ్దూంలో కేంద్ర మేకల పరిశోధనా సంస్థ కూడా పెట్టారు. ఈ రెంటికీ ఏ సంబంధమూ లేదు, ఊరికే గుర్తుండిపోయింది.

మిల్లు వల్ల మనకు ఉద్యోగాలు ఎన్ని వచ్చాయి, ఎవరికి వచ్చాయి అనేది వేరే చర్చ, ఇప్పుడు దాంట్లోకి పోను. మేక వైపు నుంచి మాత్రం ఒక మాట. చుట్టుపక్కల జామాయిల్, సుబాబుల్ తోటలు పెరిగాయి. జామాయిల్ ఆకును మేక ముట్టదు. తోట కింద మిగిలేది గడ్డే. సుబాబుల్ అట్ల కాదు, మంచి మేత. కాకపోతే దాంట్లో మైమోసిన్ అనే విషం ఉంది, ఎక్కువ తింటే బొచ్చు రాలతది. దీనికొక ముచ్చటైన కథ ఉంది. ఆస్ట్రేలియా పశువులు సుబాబుల్ తిని జబ్బు పడుతుంటే, హవాయి దీవుల్లో మేకలు అదే ఆకు తిని ఎందుకు బాగున్నాయని రేమండ్ జోన్స్ అనే ఆయనకు అనుమానం వచ్చింది. చూస్తే ఆ మేకల పొట్టలో విషాన్ని విరిచే సూక్ష్మజీవి ఉంది. దాన్ని తీసుకుపోయి ఆస్ట్రేలియా పశువులకు ఎక్కించారు. దాని పేరు కూడా ఆయన మీదనే, సినర్జిస్టిస్ జోన్సై. మేక కడుపులో నట్టలే కాదు, ఇట్లాంటి మేలు చేసే జీవులు కూడా ఉంటాయి.

మళ్ళీ దారికొద్దాం. రిజర్వు అడవి, అభయారణ్యం, తోటలు, 2015లో హరితహారం మొదలయ్యాక అక్కడక్కడా తీసిన కందకాలు. ఒక్కొక్కటి ఒక్కో కారణంతో వచ్చింది. కానీ మేకకు అన్నీ ఒకటే: చెట్టు దూరమైంది. మేక చెరువు గట్టుకి, రోడ్డు పక్కకి, కోత అయిన మడికి దిగింది. తల వంచి, రోజూ అదే చోట, పది ఇళ్ళ మేకలు కలిసి, వాటి పెంటికలు పడిన గడ్డినే మేస్తున్నాయి. కంచెలు పెరిగే కొద్దీ మేకల్లో నట్టలు పెరిగాయి అనేది నా లెక్క. ఇది ఎవరో ఊరూరా సర్వే చేసి తేల్చింది కాదు, పురుగు నడక, మేక మేత, అడవి చట్టం మూడూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు కనిపించింది. తప్పుంటే చెప్పండి.

మేకే అడవిని తినేసిందన్న నింద మీద మన తెలంగాణ ఆర్థికవేత్త సి.హెచ్. హనుమంతరావు గారి పేరు గుర్తుపెట్టుకోవాలి. గొర్రెలు, మేకల వల్ల పర్యావరణానికి నష్టం ఎంత అని తేల్చడానికి కేంద్రం ఆయన అధ్యక్షతన ఒక టాస్క్‌ఫోర్స్ వేసింది. 1987లో వాళ్ళ నివేదిక వచ్చింది. మేకల వల్లనే అడవులు పాడవుతున్నాయనడానికి గట్టి ఆధారం లేదని అందులో తేల్చారు. నివేదిక వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. అయినా "మేకలు పెంచితే అడవి మిగలదు" అనే మాట మీటింగుల్లో ఇప్పటికీ వినిపిస్తది. 2019 పశుగణనలో దేశంలో మేకలు 14.88 కోట్లు. వాటిల్లో ఎక్కువ భాగం భూమి లేని వాళ్ళవీ, కొద్దిపాటి భూమి ఉన్నవాళ్ళవే.

అదే 1987లో ఇంకో పీడ వచ్చింది. తమిళనాడులో మన దేశానికి కొత్తదైన పిపిఆర్ వైరస్ మొదటిసారి బయటపడింది, తర్వాత మన వైపుకీ పాకింది. జ్వరం, ముక్కు కారడం, నోట్లో పుండ్లు, పారుడు. ఇప్పుడు టీకా ఉంది. కానీ పారుకుంటే చాలు పిపిఆర్ అనుకుని నట్టల్ని వదిలెయ్యడం, నట్టలనుకుని పిపిఆర్‌ని వదిలెయ్యడం రెండూ మన దగ్గర జరుగుతున్నాయి. నెలల పిల్లలు రక్తంతో పారుకుంటే మూడోది, కాక్సిడియా. దానికి నట్టల మందు పని చెయ్యదు. పెంటికలు పొట్లం కట్టి దవాఖానాకు తీసుకుపోతే సూక్ష్మదర్శిని కింద గుడ్లు చూసి చెప్తారు. మనలో ఎంతమంది తీసుకుపోతున్నాం?

మందుల చరిత్ర కూడా మేకను పట్టించుకోని చరిత్రే. మన పెద్దలు మోదుగ గింజలు నూరి పోసేవాళ్ళు, వేపాకు పెట్టేవాళ్ళు. నూరేళ్ళ కింద డాక్టర్లు మైలుతుత్తం నీళ్ళు తాగించేవాళ్ళు, కొలత తప్పితే పురుగుతో పాటు మేక కూడా పోయేది. 1930ల చివర ఫినోథయాజిన్ వచ్చింది, 1961లో థయాబెండజోల్, 1960ల్లోనే లెవామిసోల్ కుటుంబం, 1970ల్లో ఇప్పుడు అందరికీ తెలిసిన ఆల్బెండజోల్, ఫెన్‌బెండజోల్. జపాన్‌లో ఒక గోల్ఫ్ మైదానం పక్క మట్టిలో సతోషి ఒమురా పట్టుకున్న సూక్ష్మజీవి నుంచి ఐవర్‌మెక్టిన్ వచ్చింది, 1981 నుంచి పశువులకు వాడకం. ఒమురాకీ, ఆయనతో పనిచేసిన విలియం క్యాంప్‌బెల్‌కీ 2015లో నోబెల్ ఇచ్చారు.

ఇవన్నీ ఎక్కువగా గొర్రెల కోసం, పశువుల కోసం తయారైనవి. మోతాదు సీసా మీద గొర్రెకు రాసి ఉంటది, మనం మేకకు అదే పోస్తాం. మేక ఒళ్ళు మందును గొర్రె కంటే తొందరగా విరిచి బయటికి పంపేస్తది. అందుకే చాలా నట్టల మందులు మేకకు గొర్రె కంటే ఎక్కువ మోతాదులో కావాలి, ఆల్బెండజోల్ లాంటివి దాదాపు రెండింతలు. అన్నింటికీ ఈ లెక్క చెయ్యకండి. లెవామిసోల్ ఎక్కువైతే విషమే. కట్టిన మేకకు మొదటి నెలలో ఆల్బెండజోల్ పోస్తే కడుపులో పిల్లకు ప్రమాదం. డాక్టర్ని అడిగి, మేక బరువు చూసి పోయాలి. తక్కువ పోస్తే ఏమైతది? బలహీనమైన నట్టలు చస్తాయి, మొండివి బతుకుతాయి, వాటి పిల్లలే మళ్ళీ గడ్డి ఎక్కుతాయి. థయాబెండజోల్ వచ్చిన మూడేళ్ళకే, 1964లో, అమెరికాలో ఆ మందుకు లొంగని ఎర్ర నట్టలు కనిపించాయి. మన దేశంలో 1970ల నుంచే ఈ సంగతి పరిశోధకులు రాస్తూ వచ్చారు.

ప్రభుత్వం ఊరూరా ఉచితంగా నట్టల నివారణ మందు తాగిస్తది. మంచి పనే, కాదనను. కానీ వానలో, హడావిడిలో, పిల్లకూ పోతుకూ ఒకే కొలతతో నోట్లో పోసుకుంటూ పోవడం నేను చూశాను. తాగించిన సాయంత్రమే మళ్ళీ అదే గట్టు మీదికి తోలడం కూడా చూశాను. అది మన తప్పే.

దక్షిణాఫ్రికాలో వేరే దారి పట్టారు. మందులు పని చెయ్యడం మానేస్తుంటే, ఫాఫా మలాన్ అనే పశువైద్యుడూ ఆయన తోటివాళ్ళూ అయిదు రంగుల కార్డు తయారు చేశారు. కంటి రెప్ప కిందికి లాగి లోపలి రంగు కార్డుతో పోల్చాలి. ఎర్రగా ఉంటే మందు వద్దు, పాలిపోతే పోయాలి. ఆయన పేరు నుంచే దాన్ని ఫమాచా అంటారు. గొర్రెల కోసం మొదలుపెట్టినా మేకలకూ వాడుతున్నారు. అక్షరం రాని కాపరి కూడా చెయ్యగలిగిన పని. అందరికీ మందు పొయ్యకపోవడం వల్ల మందుకు లొంగే నట్టలు కూడా కొన్ని మిగులుతాయి, మొండి నట్టలదే రాజ్యం కాకుండా ఉంటది. ఇది ఒక్క ఎర్ర నట్టకే పనికొస్తది, పేగు పురుగులకూ జలగలకూ కాదు.

కార్డు, మందు, మోతాదు అన్నీ మేకను గట్టు మీదనే ఉంచి చేసే పనులు. మేకను మళ్ళీ చెట్టు దగ్గరికి పంపే పని చట్టంలో ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(డి) చదవండి: మేత కూడా సామూహిక హక్కు అని రాసి ఉంది. అభయారణ్యం కూడా ఆ చట్టం పరిధిలోనిదే. 2023లో పోడు పట్టాలు ఇచ్చినప్పుడు మనమందరం ఎకరాల లెక్కలోనే పడ్డాం. అవి ఇంటింటికీ విడివిడి హక్కులు. ఊరంతటి హక్కు కోసం పెట్టే ఫారం-బి లో మేత అని ఒక గడి ఉంది. చాలా ఊళ్ళల్లో ఆ ఫారమే నింపలేదు, నింపిన చోట కూడా ఆ గడి ఖాళీగా వదిలేశారు.

సాక్ష్యం ఏం పెట్టాలి అంటారేమో. నిబంధన 13 చూడండి. సంప్రదాయంగా మేపుకున్న చోట్లు సామూహిక హక్కుకు సాక్ష్యమే. హక్కు అడిగేవాళ్ళు కాకుండా వేరే పెద్దలు చెప్పిన మాటను కాగితం మీద పెడితే అదీ సాక్ష్యమే. అంటే ఏ గుట్టకు ఏ నెలలో తోలేవాళ్ళు, ఏ వాగు దగ్గర నీళ్ళు తాపేవాళ్ళు, ఏ చెట్టు ఆకు ఎప్పుడు పెట్టేవాళ్ళు అని మన అవ్వలూ తాతలూ చెప్పేదంతా గ్రామసభలో పనికొస్తది. కానీ అది తెలిసినవాళ్ళు ఏటేటా తగ్గిపోతున్నారు. మా అవ్వ లేదిప్పుడు.

మేము నలుగురం సెలవుల్లో మా వైపు ముసలోళ్ళ దగ్గర కూర్చుని మేక తినే ఆకుల పేర్లు కోయలో, తెలుగులో రాసుకోవడం మొదలుపెట్టాం. ఇప్పటికి ముప్పై ఒకటి అయ్యాయి. పేరు పక్కన చెట్టు ఉన్న చోటు, నెల, ఇప్పుడు అక్కడికి మేక పోగలదా లేదా అని మూడు గడులు గీశాం. చివరి గడిలో "లేదు" అనేదే ఎక్కువగా పడుతోంది. కిన్నెరసాని ఎగువ ఊళ్ళవాళ్ళు, మణుగూరు వైపువాళ్ళు, గోదారి అవతల దుమ్ముగూడెం, చర్ల వాళ్ళు ఎవరైనా మీ పేర్లు కలుపుతారంటే ఆ కాగితం ఫొటో కింద పెడతా. చెట్టు పేరు సరిగ్గా తెలియకపోతే ఆకు ఫొటో తీసి పంపండి, మన వాళ్ళల్లో ఎవరో ఒకరు గుర్తుపడతారు.